దొరసాని కుడిపక్క బ్యాటరీ

దొరసాని మా ఇంటికి ఎడ్లబండి మీద వచ్చింది. బ్యాటరీతో తనంతట తాను నడిచే కుర్చీ ఎడ్లబండి మీద రావడమేమిటని గల్లీ అంతా నవ్వింది. మా నాయిన సుందర్ రావు మాత్రం నవ్వలేదు. ఆయన రైల్వేలో పార్సిల్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా పెట్టెలో ఉన్నంతసేపు సామానేననీ, పెట్టె విప్పాకే దాని హోదా మొదలవుతుందనీ ఆయన సిద్ధాంతం. అందుకే పెట్టె విప్పడానికి ముందు కోటు తొడుక్కున్నాడు. బయట మార్చి నెల ఎండ.

అది అరవై మూడో సంవత్సరం. అమెరికాలో ఎవరో పెద్దావిడ వాడిన కుర్చీ అది. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక, మిషన్ వాళ్ళ పుణ్యమా అని ఓడెక్కి, రైలెక్కి, చివరికి ఎడ్లబండెక్కి వరంగల్ మట్టెవాడలో మా వాకిట్లో దిగింది. వెనకవైపు ఇత్తడి రేకు మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. మా గల్లీలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. అందుకని కుర్చీకే దొరసాని అని పేరు పడిపోయింది. పొద్దున్నే వచ్చి "దొరసాని తిన్నదా?" అని అడిగేవాళ్ళు. తినడమంటే ఛార్జింగ్. నేనెట్లా ఉన్నానని అడిగేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. నాకేమీ బాధ కలగలేదు. ఆ ప్రశ్నకు చిన్నప్పటి నుంచీ జవాబు చెప్పి చెప్పి అలసిపోయి ఉన్నాను.

నా పేరు లిదియా. నాలుగో ఏట జ్వరమొచ్చి కాళ్ళు చచ్చుపడ్డాయి. మిగతావన్నీ బాగానే పనిచేస్తున్నాయి, ముఖ్యంగా నోరు. కళ్ళ సంగతి కూడా చెప్పాలి. కూర్చున్న మనిషికి లోకం నడుము ఎత్తులో కనబడుతుంది. ఎవరి ధోవతికి మాసిక ఉంది, ఎవరి బెల్టుకు కొత్త చిల్లు పడింది, ఎవరు చందా అడగ్గానే జేబు మీద చెయ్యి పెట్టుకుంటారు అన్నది నాకు తెలిసినంతగా మట్టెవాడలో ఇంకెవరికీ తెలియదు.

దొరసాని వచ్చిన మరుసటి ఆదివారం, చర్చి అయ్యాక, ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్ మార్తమ్మ గారు మా ఇంటికి వచ్చారు. నేను టీచర్ ట్రైనింగ్ పాసై ఉన్నాను. వాళ్ళ బడిలో లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆవిడ చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, సూటిగా విషయంలోకి వచ్చారు.

"నీ లెక్కల మీద నాకు డౌట్ లేదు లిదియా. కని ఇదివరకు ఒకామెకు కాలిరిగితే నలుగురు పిల్లలు రోజు రిక్షా కాడికెల్లి ఎత్తుకపోయి క్లాసుల కూసోవెట్టేటోళ్ళు. ఆమె కాలు మంచిగైంది. ఆ నలుగురు లెక్కలల్ల ఫెయిలైన్రు. మొయ్యుడు ఒక్కటే నేర్సుకున్నరు."

"నన్నెవ్వలు మొయ్యద్దు మేడం. కుర్చీ వచ్చింది గద."

"అదే చెప్తాన్న. జూన్ల బడి తెరిచిననాడు ఇంటికాడికెల్లి బడి గేటు దాంక ఒక్కదానివే రావాలె. ఎవ్వలు తొయ్యద్దు, ఎవ్వలు మొయ్యద్దు. వస్తే ఆ క్లాసు నీది. రాకపోతే హన్మకొండ ఆమెది ఇంకొక అర్జీ ఉన్నది."

"వస్త మేడం" అన్నాను.

"నీ కుర్చీ నువ్వే తెచ్చుకుంటవ్, మాకొక కుర్చీ మిగుల్తది" అని ఆవిడ లేచారు. అది జోకో, బడ్జెట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

మా అమ్మ కృపమ్మ అదంతా గుమ్మం దగ్గర నిలబడి వింది. మా ఇంట్లో పొద్దున్నే కుటుంబ ప్రార్థన అమ్మే చేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అందులో ఒక మాట మారలేదు: "ప్రభువా, నా బిడ్డను లేపి నడిపించు." ఆ మాట రాగానే నాయిన, మా అన్న కృపానందం గొంతు తగ్గించి ఆమెన్ అనేవాళ్ళు. నేను గట్టిగా అనేదాన్ని. దేవుడికి పని గుర్తుచేయడంలో మొహమాటమెందుకు?

వాకిట్లో దొరసాని బాగా నడిచింది. కుడిచేతి కింద చిన్న పిడి ఉండేది. దాన్ని ఎటు వంచితే కుర్చీ అటు పోతుంది. మొదటి రోజు తులసి మొక్క ఉన్న పక్కింటి గద్దెకు గుద్దాను, రెండో రోజు మా అన్న సైకిల్‌కు. గద్దె వాళ్ళు ఏమీ అనలేదు. అన్న మాత్రం సైకిల్‌ను ఇంట్లోకి తెచ్చి మంచానికి తాళమేశాడు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున బడిదాకా పోయి వద్దామని బయల్దేరాను. గల్లీ దాటాను. బట్టల దుకాణాలు దాటాను. పిండిగిర్నీ ముందు మురుగుకాల్వ దాటే మోరీ మీద చిన్న ఎత్తు ఉంది. సగం ఎక్కగానే దొరసాని గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత కాళ్ళ కింద ఎక్కడో టిక్కు, టిక్కు అని శబ్దం. ఆగిపోయింది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ రెండు అడుగులు కదిలింది. మళ్ళీ టిక్కు.

గిర్నీ ముందు వరసలో నిలబడ్డ వాళ్ళకు ఆ పూట పిండి కన్నా మంచిది దొరికింది. తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన పెట్రోలు పోయమన్నాడు. ఒకామె దిష్టి తీయమంది. నన్ను చిన్నప్పటి నుంచీ రిక్షాలో తిప్పే పోశయ్య ఎక్కడి నుంచో ప్రత్యక్షమయ్యాడు.

"నేను చెప్పలేదా లిదియమ్మా? అమెరికా బండి అమెరికాల్నే నడుస్తది. పా, ఇంటికి తోల్త."

"నువ్వు నా ఎన్కనే ఎందుకు వస్తాన్నవ్ పోశయ్యా?"

"నేనెక్కడ వచ్చిన? ఇటు పని ఉండి పోతాన్న" అన్నాడు, ఖాళీ రిక్షా పట్టుకుని.

కుర్చీతోపాటు వచ్చిన పుస్తకాన్ని ఆ మధ్యాహ్నమే మొదటి పేజీ నుంచి చదివాను. మా ఇంట్లో కొత్త వస్తువు వస్తే దాంతో వచ్చిన పుస్తకాన్ని పసుపుపచ్చ కాగితంలో చుట్టి బీరువాలో పెట్టడం ఆచారం. చదవడం అమర్యాద. చదివితే దానిలో కష్టమేమీ లేదు. సీటు కింద రెండు బ్యాటరీలు, ఒక్కోటి పన్నెండు ఓల్టులు. రెంటినీ గొలుసులా కలిపితే ఇరవైనాలుగు. ఇద్దరిలో ఒకరు అలిసినా ఇద్దరూ ఆగుతారు. పెళ్ళయినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఎక్కడ తప్పుందో వెతకాలంటే కరెంటు వచ్చే దారిలోనే పోవాలి, గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి చక్రం దాకా. గోడ దగ్గరే మొదటి దొంగ దొరికాడు.

రాత్రంతా నడిచిన ఛార్జరు పెట్టె పొద్దున ముట్టుకుంటే వెచ్చగా ఉండాలి. మాది చల్లగా ఉంది. వైర్లు సరిగానే ఉన్నాయి. ఫ్యూజు సరిగానే ఉంది. సరిగా లేనిది మా అన్న కళ్ళు. ఎర్రగా ఉన్నాయి. ఆయన కచేరీలో గుమాస్తా. రాత్రిపూట మేలుకునేంత పని ఆయనకు పగలు కూడా ఉండదు.

"రాత్రి స్విచ్చు బంద్ చేసినవా అన్నా?"

"చెయ్యక? మీటర్ల చక్రం ఎట్ల తిరుగుతాందో చూసినవా నువ్వు? గిరగిర, గిరగిర. కండ్లు మూస్తే అదే కనవడ్తాంది. అది ఆగితే గని నాకు నిద్ర పడ్తలేదు."

"మరి పొద్దుగాల మళ్ళ ఎందుకు ఏసినవ్?"

"నీకు తెల్వద్దని."

అమ్మ మీటరు కనబడకుండా దాని మీద చర్చి క్యాలెండర్ వేలాడదీసింది. ఆ నెల వాక్యం "భయపడకుము". అన్న నిద్రపోయాడు.

మరో వారం చూశాను. ఛార్జింగ్ ఎక్కుతోంది, సాయంత్రానికి దిగిపోతోంది. నేను అన్నం తిని లోపలి గదిలో పడుకుంటాను. దొరసాని ముందుగదిలో నాయిన మంచం పక్కన ఉంటుంది. మే నెల వచ్చేసరికి మట్టెవాడలో మధ్యాహ్నం పూట చెమట పట్టకుండా నిద్రపోయే మనిషి ఒక్కడే ఉన్నాడు. అది మా నాయిన. పైగా దుప్పటి కప్పుకుంటున్నాడు.

ఒకరోజు పడుకోకుండా పీట మీద జరుగుతూ ముందుగదిలోకి వెళ్ళాను. మంచం కాళ్ళ దగ్గర గుండ్రటి నల్లటి ఫ్యాను ఒకటి హాయిగా తిరుగుతోంది. దాని జాలీ మీద రైల్వే వారి ముద్ర. దాని నుంచి రెండు వైర్లు దొరసాని సీటు కిందికి పోతున్నాయి, పాలు తాగే దూడ మూతి పోయినట్టు.

నాయిన ఒక కన్ను తెరిచాడు. ఆ తర్వాత లేచి కూర్చుని, పై ఆఫీసర్ తనిఖీకి వచ్చినప్పుడు మాట్లాడే గొంతుతో మాట్లాడాడు.

"రైలు డబ్బాల ఫ్యాను బిడ్డా ఇది. రిటైరైనప్పుడు సార్లే ఇచ్చిన్రు, పాడైందని. పాడుగాలే. ఇంటి కరెంటుకు ఇది తిరగది. ఇన్నేండ్ల నుంచి అటక మీద ఉన్నది. దొరసాని వచ్చినంక చూస్తే ఏముంది? రైలు ఫ్యాను ఇరవైనాలుగు ఓల్టులు, ఈ కుర్చీ ఇరవైనాలుగు ఓల్టులు. చూసినవా! అమెరికా ఏడ, కాజీపేట ఏడ. దేవుడే జతపరిచిండు."

"దేవుడు జతపరిచినదాన్ని మనిషి వేరుపరచద్దు నాయినా. కని నాకు జూన్ల ఉద్యోగమున్నది" అని వైర్లు పీకేశాను.

"జర సేపు ఉంచరాదు? ఇప్పుడిప్పుడే కన్ను వడ్తాంది."

ఆ సాయంత్రం ఫ్యాను అటకెక్కింది. నాయిన వారం రోజులు తన చెమట తుడుచుకున్నప్పుడల్లా ఆ తువ్వాలు నాకు కనబడేట్టు పిండాడు.

ఇంట్లో ఇద్దరు దొంగలు దొరికాక, ఇక దొరసాని గుర్రంలా పరుగెత్తుతుందనుకున్నాను. మోరీ ఎత్తు ఎక్కింది. దిగింది. గిర్నీ దాటింది. దాటిన వెంటనే టిక్కు.

పోశయ్య అక్కడే ఉన్నాడు. "ఇటు పని ఉండి..." అని మొదలుపెట్టాడు. "తెలుసు, తొయ్యి" అన్నాను.

రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్ళు పగిలే ఎండ. హన్మకొండ ఆమె కొత్త గొడుగు కొనుక్కుందని అన్న వార్త తెచ్చాడు, నన్ను ఉత్సాహపరచడానికి. ఇంట్లో అందరికీ నా ఉద్యోగం మీద నమ్మకం సడలుతున్నట్టు నాకు వాళ్ళ ఓదార్పులోనే తెలిసింది. "ఇంట్ల కూసోని ట్యూషన్లు చెప్తే మాత్రం ఏం తక్కువ?" అని నాయిన అన్నాడు. తక్కువేమీ లేదు. ఇల్లు మాత్రం ఎక్కువ. అదే గోడ, అదే గడప, పక్కింటి చిలుకమ్మ వచ్చి అదే పనిగా చెప్పే అదే మోకాళ్ళ నొప్పి. నాకు నలభై మంది ఆడపిల్లలు కావాలి, నల్లబోర్డు కావాలి. నా మీద జాలిపడడం మాని నన్ను చూసి భయపడేవాళ్ళు కావాలి.

ఆ రోజుల్లోనే అమ్మ తెల్లచీరలకు మోకాళ్ళ దగ్గర సూది మొన పట్టేంత చిల్లులు పడడం మొదలైంది. ఉతికినప్పుడల్లా కొత్తవి. బొద్దింకలని అమ్మ అంది. పెట్టె నిండా కలరా ఉండలు పోసింది. చర్చిలో అమ్మ కూర్చున్న వరుసలో మిగతావాళ్ళు ఒక మనిషి జాగా వదిలి కూర్చున్నారు. నా కళ్ళ ఎత్తులోనే ఉన్న ఆ చిల్లులను నేను రోజూ చూశాను. చూసి ఊరుకున్నాను. బొద్దింకలు నా సబ్జెక్టు కాదు.

బ్యాటరీలు బాగుచేసే సారంగపాణిని పిలిపించాం. స్టేషన్ రోడ్డులో ఆయన దుకాణం. లారీల బ్యాటరీలన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. చచ్చిన బ్యాటరీ తనను చూస్తే లేచి కూర్చుంటుందని ఆయనే చెబుతాడు. దొరసాని చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని కాలితో తట్టి, మొహం చిట్లించాడు.

"మోటరు పోయింది. ఇప్పాలె."

"మోటరు పోతే అస్సలే నడవది గద అన్నా. ఇది నడిచి ఆగుతాంది. జరసేపు కూసుంటే మళ్ళ నడుస్తాంది. ఇది బ్యాటరీ రోగం."

"అమ్మా, నేను సుబేదారి నుంచి మానుకోట దాంక ఎన్ని లారీలు చూసి ఉంట?"

"లారీలు చూసినవ్. దొరసానిని ఇప్పుడే చూస్తాన్నవ్. నీ సంచిల లారీ దీపం బుగ్గ ఉన్నదా? ఇటియ్యి."

ఇచ్చాడు, ఆడపిల్ల సరదా తీర్చినట్టు. బుగ్గకు రెండు వైర్లు చుట్టి ఎడమ బ్యాటరీకి తగిలించాను. తెల్లగా వెలిగింది. నాయిన గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. అది వెలుగుతూనే ఉంది. తీసి కుడి బ్యాటరీకి తగిలించాను. మొదట తెల్లగానే వెలిగింది. సారంగపాణి "చూసినవా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా బుగ్గ పచ్చబడింది, కామెర్ల మనిషి కన్నులా. ఇంకాసేపటికి ఎర్రటి దారప్పురిలా మిగిలింది.

"నువ్వు చూసినవా?" అన్నాను.

ఆయన సంచిలోంచి రబ్బరు బుడ్డి తొడిగిన గాజుగొట్టం తీశాడు. దాని లోపల చిన్న తూకం పుల్ల ఒకటి తేలుతూ ఉంటుంది. బ్యాటరీ నీళ్ళలో సత్తువుంటే పుల్ల పైకి తేలుతుంది, లేకపోతే మునుగుతుంది. కుడి బ్యాటరీకి ఆరు మూతలు, ఆరు గదులు. ఒక్కో మూత విప్పి పీల్చి చూస్తూ పోయాడు. తేలింది, తేలింది, తేలింది. చివరి గదికి వచ్చేసరికి పుల్ల రాయిలా అడుక్కు పోయింది.

"నేను చెప్పలే?" అన్నాడు సారంగపాణి నాయిన వైపు తిరిగి. "బ్యాటరీల్నే ఉన్నది తప్పు. మోటరు మీద చెయ్యెయ్యద్దు ఎవ్వలు."

నేను అభ్యంతరం చెప్పలేదు. నాకు కావలసింది ఉద్యోగం, పేరు కాదు.

ఆయన టార్చి వేసి ఆ గదిలోకి తొంగిచూశాడు. "గీ ఒక్క గదిల ఏం పోసిన్రు? అన్నిట్ల మంచిగున్నది, గిండ్ల అడుగున ఇసుక, బురద. అంచు దాంక నింపిన్రు. ఇండ్ల పోసేటియి ఆవిరి పట్టి సల్లార్చిన నీళ్ళు. దుకాణంల సీసల అమ్ముతరు. చెర్ల నీళ్ళు, బాయి నీళ్ళు పోస్తే లోపట పలకలు కుళ్ళిపోతయ్. ఎవ్వలు పోసిన్రు?"

గుమ్మంలో నిలబడ్డ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు నా కళ్ళ ముందు నుంచే పోయాయి. మోకాళ్ళ దగ్గర చిల్లులు. బ్యాటరీలో ఉండేది యాసిడ్. నిండిన గదిలో ఇంకా పోస్తే అది తుళ్ళుతుంది. బొద్దింకలకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

"మా అన్న పోసిండు" అన్నాను. అన్న కచేరీలో ఉన్నాడు, కాబట్టి ఒప్పుకున్నట్టే.

సారంగపాణి కుడి బ్యాటరీని భుజాన పెట్టుకుపోయాడు. పైన తారు కరిగించి, చెడిన గదిలో పలకలు తీసి, వేరే పలకలు పెట్టి, కొత్త యాసిడ్ పోసి, మెల్లమెల్లగా ఛార్జింగ్ ఎక్కించాలట. బడి తెరిచేనాటికి అందుతుందా అని నాయిన అడిగితే, "నేను పట్టినంక ఫికరెందుకు?" అన్నాడు. తేదీ మాత్రం చెప్పలేదు.

నేను పీట మీద జరుగుతూ వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ చింతపండు గింజ తీస్తోంది. గూట్లో బైబిలు పక్కన ఎప్పుడూ ఉండే గాజుసీసా అక్కడే ఉంది. నా చిన్నప్పుడు ఒక మిషనరీ అమ్మగారు యెరూషలేము యాత్ర చేసి వస్తూ అమ్మకు తెచ్చిచ్చిన యోర్దాను నది నీళ్ళు అవి. సగం సీసా ఎప్పుడూ ఉండేది, అడుగున సన్నటి ఇసుకతో. ఇప్పుడు కూడా సగమే ఉంది. ఇసుక లేదు. మా బావి నీళ్ళు చాలా తేటగా ఉంటాయి.

"అమ్మా, సీసల ఇసుక ఏమైంది?"

"ఏం ఇసుక?"

"యోర్దాను ఇసుక."

అమ్మ ఒక గింజ తీసింది. ఇంకో గింజ తీసింది.

"మూతెడు మూతెడే పోసిన" అంది. "ఏడు ఆదివారాలు. చర్చికి పోయేముందు. నయమాను ఏడు మాట్ల మునిగిండు గద ఆ ఏట్ల."

"నయమానుకు కుష్టురోగం అమ్మా. దొరసానికి ఏం రోగముండె అప్పుడు?"

"రోగమని పోస్తరా ఏందే? ఆ మార్తమ్మ ఒక్కదానివే రమ్మన్నది. రోడ్డు మీద లారీలు, ఎడ్లబండ్లు. నాకు పానం ఒప్పలేదు." అమ్మ చేతులు ఆగాయి. "నువ్వు చిన్నగున్నప్పుడు సగం సీస నీ కాళ్ళకు పోసిన. ఏడు మాట్లే. అప్పుడు కాలే. మిగిలిన సగం దాసిపెట్టిన, ఎప్పటికన్న మళ్ళ నీ కాళ్ళకే పోద్దమని. ఇన్నేండ్లు ముట్టలే. మొన్న ఆ కుర్చీల కూసోని వాకిట్ల గిర్రగిర్ర తిరిగితివి సూడు, అప్పుడనుకున్న. ఇగ కాళ్ళు అవ్వే గద బిడ్డా. కాళ్ళు యాడుంటే ఆడ పోసిన."

చింతపండు పళ్ళెం దగ్గరికి లాక్కుని నేను కూడా గింజ తీశాను. కొన్ని తీశాక, అడగదగిన ప్రశ్న ఒక్కటే మిగిలిందనిపించింది.

"రెండు బ్యాటరీలుంటే కుడిపక్కదానికే ఎందుకు పోసినవ్?"

"ప్రభువు కూసునేది కుడిపక్కకే గదనే" అంది అమ్మ, ఇంత చదివి అది కూడా తెలియదా అన్నట్టు.

సాయంత్రం అన్న కచేరీ నుంచి రాగానే, బ్యాటరీలో బురద పోసినందుకు నాయిన ఆయన్ను అరగంట తిట్టాడు. అన్న నావైపు చూశాడు. నేను క్యాలెండర్ వైపు చూశాను. మీటరు కథ గుర్తొచ్చి ఆయన అన్నీ ఒప్పుకున్నాడు.

మరుసటి రోజు అమ్మే స్వయంగా పోశయ్య రిక్షాలో స్టేషన్ రోడ్డుకు పోయి బ్యాటరీ నీళ్ళు కొనుక్కొచ్చింది. కొన్న సీసా మూత సరిగా లేదని, యోర్దాను సీసాలో బావినీళ్ళు పారబోసి, ఈ నీళ్ళు అందులోకి వంపి మళ్ళీ బైబిలు పక్కనే పెట్టింది. చిలుకమ్మకు ఇదేమీ తెలియదు. వచ్చి మోకాళ్ళకు రెండు చుక్కలు అడిగి రాసుకుపోయింది. మూడోనాడు నొప్పి తగ్గిందని అరటిపండ్లు తెచ్చి సీసా ముందు పెట్టింది. ఆ నీళ్ళు మోకాళ్ళకు కూడా పనిచేస్తాయని కంపెనీవాళ్ళు ఎక్కడా రాయలేదు. వాళ్ళకు తెలిసి ఉండదు.

బడి తెరవడానికి ముందురోజు సారంగపాణి బ్యాటరీ తెచ్చాడు. బుగ్గ తగిలించి చూపించాడు. తెల్లగా వెలిగింది, వెలుగుతూనే ఉంది. "ఇదివరకే మోటరు ఇప్పేటోళ్ళు ఎవ్వలన్న దొరికితే మీ పని ఐపోతుండె" అని అందరికీ వినబడేట్టు చెప్పాడు. నేను ఆయనకు దండం పెట్టాను. పని బాగా చేశాడు. పొగడ్త కూడా తనే చేసుకున్నాడు, మాకు శ్రమ తప్పింది.

పొద్దున ప్రార్థనలో అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ప్రభువా, ఎడమపక్క బ్యాటరీని దీవించు. కుడిపక్క బ్యాటరీని దీవించు. ఆ నడుమ తీగను దీవించు. మోరీ మీద ఎత్తు కాడ నీ చెయ్యి అడ్డంబెట్టకు." ఆ తర్వాత ఆమెన్ అంది. నేను ఇంకా ఏదో వస్తుందని కళ్ళు మూసుకునే ఉన్నాను. రాలేదు. లేపి నడిపించమనే మాట ఆ రోజు లేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ లేదు. నాయిన, అన్న మొట్టమొదటిసారి గట్టిగా ఆమెన్ అన్నారు.

మిరుగు కార్తె మొదలై రెండు చినుకులు పడ్డాయి. దుమ్ము అణిగింది. తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో హాజరుపట్టీ ఉన్నట్టే ఎడమచెయ్యి పెట్టుకుని గల్లీలోకి దిగాను. ఒక్కదాన్నే. బట్టల దుకాణాలు దాటాను. మోరీ వచ్చింది. గిర్నీ ముందు వరసలో ఉన్నవాళ్ళు డబ్బాలు కింద పెట్టి, చేతులు కట్టుకుని, టిక్కు కోసం ఎదురుచూశారు. పిడి ముందుకు నొక్కాను. దొరసాని గొంతు మారలేదు. ఎక్కింది, దిగింది, గిర్నీ దాటింది. వెనక ఎవరో "ఏందిరా, పాయె!" అన్నారు, టికెట్టు డబ్బులు దండగైనట్టు.

బడి గేటు దగ్గర మార్తమ్మ గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూడలేదు. నా వెనకాల రోడ్డును చూస్తున్నారు. నేను కూడా తల తిప్పి చూశాను.

మా నాయిన, కోటు తొడుక్కుని, కరెంటు స్తంభం వెనక నిలబడి ఉన్నాడు. స్తంభం ఆయనలో సగం కూడా లేదు. అన్న సైకిల్ తలకిందులు చేసి, ఊడని గొలుసును ఎక్కిస్తున్నాడు. పోశయ్య ఖాళీ రిక్షాతో అటు పని ఉండి పోతున్నాడు. వాళ్ళ మధ్యలో, కొంగు తల మీదికి లాక్కుని, అమ్మ గోడకు అంటించిన పోస్టరును శ్రద్ధగా చదువుతోంది. అది ఉర్దూలో ఉంది.

"ఒక్కదానివే రమ్మన్న గద" అన్నారు మార్తమ్మ గారు.

"ఒక్కదాన్నే వచ్చిన మేడం."

"మరి వాళ్ళెవ్వలు?"

"ఎవ్వలో మేడం. బజార్ల పోయేటోళ్ళు."

ఆవిడ ఆ బజారున పోయేవాళ్ళను ఒక్కొక్కరినే చూశారు. తర్వాత గేటు రెండో తలుపు కూడా తీసి, గడియ కింద పెట్టారు, దొరసాని పట్టేంత వెడల్పుగా.

"ఆ పోస్టరు చదివే ఆమె కొంగుల సీస ఏంది?"

"నీళ్ళు మేడం."

"తాగుతందుకా?"

"తాగేటియి గావు మేడం" అన్నాను, పిడి ముందుకు నొక్కి లోపలికి పోతూ. "కాళ్ళకు."